ఏటీపీ జమాఖర్చు

తెలుగువారికి ఏటీపీ పరాయిది కాదు. 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి దానిని కండరాల్లో గుర్తించినవారు యల్లాప్రగడ సుబ్బారావు. ఆ అణువును వివరించేటప్పుడు "బంధం తెగితే శక్తి వెలువడుతుంది" అని పాఠాల్లో తరచూ వినిపించే వాక్యం పిల్లలను తప్పుదారి పట్టిస్తోంది. ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తిని వెచ్చించవలసిందే. వంటగ్యాసుకు అగ్గిపుల్ల అందుకే కావాలి. కొత్తగా ఏర్పడే బంధాలు అంతకన్నా ఎక్కువ తిరిగి ఇస్తేనే మిగులు. ఏటీపీ నీటితో చర్య జరిపినప్పుడూ అంతే.

పిస్కాటవేలో, రట్గర్స్ విశ్వవిద్యాలయంలోని ప్రోటీన్ డేటా బ్యాంకులో ఏటీపీ ఆకృతిని ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఆ బొమ్మలో బంధం పుల్లలా కనిపిస్తుంది. పుల్లలో శక్తి దాగి ఉండదు. రసాయనపాఠం బొమ్మ దగ్గర ఆగిపోకూడదు. తెగిన బంధాలనూ ఏర్పడిన బంధాలనూ పక్కపక్కన పెట్టి జమాఖర్చు చూపించాలి. అప్పుడే కండరం ఎలా కదులుతుందో విద్యార్థికి అర్థమవుతుంది.