తిరస్కరణకూ మనమే ఫీజు కట్టాలె!

అమెరికా చదువుకు పోతనన్న పిలగాణ్ణి ఆ దేశ చట్టం ముందే ముద్దాయిని చేస్తున్నది. 214(బి) సెక్షన్ మాట ఒక్కటే: వలసకు వస్తలేనని నువ్వే రుజువు చేసుకో! కిటికీ ముందు కొద్ది నిమిషాలు నిలబెట్టి, అచ్చుకాగితం చేతిల పెడ్తరు. అప్పీలు లేదు. సెవిస్‌కు కట్టిన 350 డాలర్లు, వీసాకు కట్టిన 185 డాలర్లు వాపసు రావు. మళ్లా పోతే మళ్లా 185!

2025 మేల కొత్త ఇంటర్వ్యూ తేదీలే ఆపిన్రు. జూన్‌ల తెరిచి, సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనబడేటట్టు పెట్టుమన్నరు. పొలం కుదువవెట్టిన తండ్రికి మిత్తి ఆగిందా?

అనుమానించే హక్కు వాళ్లదైతే, కారణం అడిగే హక్కు మనది. లోపమేందో రాసియ్యాలె, లేకుంటే పైసలియ్యాలె. చిలుకూరు బాలాజీకి పిల్లలు 11 ప్రదక్షిణలు చేస్తున్నరు. ఢిల్లీ పాలకులు ఒక్క ప్రశ్న అడగలేరా?