హోసూరులో ఐదు గుడ్లు, షోలాపూరులో సున్నా

మధ్యాహ్న భోజనంలో ఐదో తరగతి దాకా ఒక్కో పిల్లవాడికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు పడాలి. ఇది వండక ముందు తూకం. దీని నుంచి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది కేంద్రం లెక్క. అన్నం సరే, సాంబారు పలుచనైతే ఆ 12 గ్రాములు ఎక్కడివి?

అందుకే మనం గుడ్డు గురించి ఇంతగా మాట్లాడతాం. ఒక్కదానిలో సుమారు 6 గ్రాములు దొరుకుతాయి. తమిళనాట బడి ఉన్న ఐదు రోజులూ ఇస్తున్నారు కనుక హోసూరు తెలుగు బడులకు ఆ బెంగ లేదు. కర్ణాటకలో 2024 నుంచి వారానికి ఆరు. అందులో నాలుగింటి ఖర్చు అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్‌ది, అదీ మూడేళ్ల ఒప్పందం. ఆ తర్వాత ఎవరు పెడతారో బళ్లారి తల్లిదండ్రులు ఇప్పుడే అడగాలి. గుడ్డు తినని పిల్లలకు అరటిపండు ఇస్తే మంచిదే గాని, అందులో మాంసకృత్తులు ఒక గ్రాముకు కాస్త పైన, అంతే. ఇంటి నుంచి గుప్పెడు వేయించిన శనగలు పంపితే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

మహారాష్ట్ర సంగతే బాధ. వారానికి ఒక్కటంటే ఒక్క గుడ్డు, దానికీ 2025 జనవరిలో నిధులు ఆపేశారు. కావాలంటే స్థానికంగా విరాళాలు పోగుచేసుకోమన్నారు. షోలాపూరులో బీడీలు చుట్టే అమ్మలు, మరమగ్గాల మీద పనిచేసే నాన్నలు ఏం విరాళమిస్తారు? మాకిది అన్యాయంగానే తోస్తోంది. నిధులు తిరిగి వచ్చేదాకా అక్కడి బడి కమిటీల్లోని తల్లిదండ్రులు కనీసం పప్పు తూకమైనా దగ్గరుండి చూడాలి.