కప్పు కావాలంటే ముందు గ్లవ్వులివ్వాలి

మన వాడల ఆడపిల్లలు హైస్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడుతున్నారంటే ‘అదేం ఆట?’ అని అడిగేవాళ్లే ఎక్కువ. అదే పిల్లలు రాష్ట్రస్థాయి పోటీకి పోయి ఓడి వస్తే మాత్రం ‘వీళ్లతో ఏమవుతుంది’ అనడానికి అందరూ ముందుంటారు. ఈ మాటను మేం ఒప్పుకోం. రాష్ట్రస్థాయిలో నిలబడే జట్టు ఎట్లా తయారవుతుందో తెలిస్తే, ఓడింది ఎవరో కూడా తెలుస్తుంది.

1887లో చికాగోలో పుట్టిన ఆట ఇది. జట్టుకు తొమ్మిదిమంది. బంతి విసిరే పిల్లను పిచ్చర్ అంటారు. జట్టుకు ప్రాణం ఆమే. పెద్ద అమ్మాయిల ఆటలో 43 అడుగుల దూరం నుంచి, చేయి కిందినుంచి తిప్పి విసరాలి. బంతి గంటకు 60 మైళ్ల వేగంతో వస్తే బ్యాటు పట్టిన పిల్లకు అర సెకను కూడా దొరకదు. అట్లాంటి చేయి పోటీల ముందు పెట్టే పదిరోజుల క్యాంపులో తయారు కాదు. ఆరో తరగతిలో మొదలుపెడితే పదో తరగతికి అందుతుంది. భారమంతా ఒక్క పిల్లమీదే వేస్తే భుజం దెబ్బతింటుంది. రెండో పిచ్చర్‌ను కూడా తయారు చేయాలి.

తర్వాత ఫీల్డింగ్. బేసుకూ బేసుకూ నడుమ 60 అడుగులే. బంతి ఒక్కసారి చేజారితే అవతలి పిల్ల బేసు చేరినట్టే. నేలమీద వచ్చే బంతిని ఆపడం, సూటిగా ఒకటో బేసుకు విసరడం రోజూ చేస్తేనే వస్తుంది. రాళ్లు తేలిన గ్రౌండులో, రెండు గ్లవ్వులతో తొమ్మిదిమంది ఏం నేర్చుకుంటారు? మాస్కు లేకుండా క్యాచర్‌ను కూర్చోబెట్టడం పిల్ల ముఖంతో చెలగాటం కాదా? నీళ్ల చారు తాగి పరుగెత్తమంటే కాళ్లు ఎట్లా లేస్తాయి?

అమెరికాను చూడండి. 1972లో అక్కడ చట్టం వచ్చింది. సర్కారు సొమ్ము తీసుకునే బడి ఆడ, మగ తేడా చూపకూడదంది. అంతకుముందు హైస్కూలు ఆటల్లో ఉన్న ఆడపిల్లలు 3 లక్షల లోపే. ఇప్పుడు 30 లక్షలు దాటారు. ఆడపిల్లల సత్తా ఒక్కసారిగా పెరగలేదు, తలుపు తెరిచారంతే. అయినా అక్కడ కూడా ప్రైవేటు క్లబ్బుల ఫీజు కట్టగలిగిన ఇంటి పిల్లలే ముందుంటున్నారు. పేదపిల్లకు బడి గ్రౌండే దిక్కు. ఇక్కడైనా అంతే.

మన తప్పు కూడా చెప్పుకుందాం. పిల్ల పెద్దమనిషి అయిందని ఆట మాన్పిస్తున్నాం. పత్తి ఏరడానికి బడి మాన్పిస్తున్నాం. మూడేళ్లు నేర్చిన పిచ్చర్‌ను ఒక్క సీజను కూలికి పోగొట్టుకుంటున్నాం. సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక పిల్లలను ఇంటికి చేర్చే పని వాడలో నలుగురు తల్లులు వంతులవారీగా చూసుకోలేరా?

సంఘం కార్యకర్తలకు మా మాట ఇది. జూన్‌లో బడి తెరవగానే హెడ్మాస్టరును కలవండి. వ్యాయామ టీచరు ఉన్నారా, గ్రౌండు చదును చేశారా, గ్లవ్వులు ఎన్ని, మాస్కు ఉందా, ఆటల పద్దు కింద వచ్చిన డబ్బు ఎటు పోయిందో అడగండి. హాస్టలు వార్డెనును గుడ్డు గురించి అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఇవన్నీ ఇచ్చాక పిల్లలు ఓడితే ఓడనీ, ఆటలో అది మామూలే. ఇవ్వకుండా ఓడించడాన్ని మాత్రం ఊరుకోవద్దు.