మడమ నరము, మూలకణముల సూది

గత సంవత్సరపు క్రీడోత్సవమున ఉపాధ్యాయుల పరుగుపందెములో నేను సగము దూరమైనను పోకముందే నేలగూలుట విద్యార్థులందరును చూచినదే. వెనుకనుండి యెవరో కఱ్ఱతో మడమపై కొట్టినట్లు తోచి తిరిగి చూచితిని. వెనుక నెవరును లేరు. అందరును ముందే యుండిరి! నలువది దాటినవారు ఏడాది పొడవునను కుర్చీలో కూర్చుండి ఒక్కదినము మాత్రము పరుగెత్తినచో మడమ నరము ఈ విధముగా తెగుట కలదని వైద్యుడు నవ్వుచు చెప్పెను. నాకు మాత్రము నవ్వు రాలేదు. పాతబస్తీలో కట్లు కట్టు పహిల్వానుల వద్దకు పొమ్మని కొందఱు, శస్త్రచికిత్స చేయించుకొమ్మని కొందఱు సలహా లిచ్చిరి. కొన్ని వారములు కట్టుతోను, కొన్ని నెలలు చేతికఱ్ఱతోను గడపితిని.

ఆ దినములలో నా ఫోనునకు ఒక ప్రకటన వచ్చెను. మార్పుచేసిన మూలకణములను సూదిద్వారా ఎక్కించిన యెడల తెగిన నరము క్రొత్తదివలె నగుననియు, అందుకు లక్షా ఇరువది వేల రూపాయలు చాలుననియు అందున్నది. చదివి ఊరకుంటిని. అయితే ఒకనాడు మన విద్యార్థి తండ్రి యొకరు నన్ను చూడవచ్చిరి. ఆయన లాడ్‌బజారులో లక్కగాజుల పని చేయువారు. అద్దపు పెంకు గుచ్చుకొని ఆయన చూపుడువ్రేలి నరము తెగెను. కుట్టిరి గాని వ్రేలు పూర్తిగా మడవబడుట లేదు. ఆ ప్రకటన ఆయనకును చేరెను. "సారూ, మీరు ఈ సూది వేయించుకొందురా? మీరు వేయించుకొన్నచో నేనును అప్పుచేసి వేయించుకొందును" అని అడిగిరి. ఈ వ్యాసము వ్రాయుటకు కారణము ఆ ప్రశ్నయే.

మొదట మాట సంగతి చెప్పవలయును. మన వాడుకలో నరమను పేరు మూడు వస్తువులకు చెల్లుచున్నది. రక్తము పాఱునది నరమే. స్పర్శను మెదడునకు చేర్చునదియు నరమే. కండరమును ఎముకకు కట్టిపట్టు తెల్లని త్రాడును నరమే. ఈ మూడవదానికి శాస్త్రపుస్తకములలో స్నాయువని పేరు. దానిలో కొల్లాజను అను మాంసకృత్తుల పోగులు మగ్గముపై పడుగువలె ఒకే దిక్కునకు సాగియుండును. శరీరమున మిక్కిలి బలమైన స్నాయువు మడమ వెనుకనున్నదే. ఇంత బలము గలదైనను దానియందు జీవకణములు కొలది, రక్తప్రసారము కొలది. కావున తెగిన యెడల మానుట బహు నిదానము. మానినచోటను పోగులు పూర్వపు వరుసను పొందక అడ్డదిడ్డముగా చేరి మచ్చకట్టును. ఏడాది గడచినను పాత బలము పూర్తిగా రాదు. వ్రేళ్ల స్నాయువులకు మఱియొక చిక్కు గలదు. కుట్టినచోట చుట్టునున్న కండతో అతుకుకొని జరుగకుండ నిలిచిపోవును. పరుగెత్తలేని ఉపాధ్యాయుడు పాఠము చెప్పగలడు. వ్రేలు మడవలేనివాడు గాజుపై అద్దము నెట్లు అతికించును?

కావుననే శాస్త్రజ్ఞులు మూలకణములవైపు చూచిరి. ఎముకమజ్జలోని కొన్ని కణములు ఎముకగాను, మృదులాస్థిగాను, క్రొవ్వుగాను మారగలవు. వానిని తీసి, పెంచి, తెగిన స్నాయువులో నుంచినచో స్నాయువుగా మారునేమో యని వారి ఆశ. ఈ ఆశను ముందుగా అనుభవించినవి గుఱ్ఱములు. 1886లో మలకపేటకు తరలివచ్చిన పందెపు మైదానము మన విద్యార్థు లెఱిగినదే గదా. పందెపు గుఱ్ఱములకు ముంగాలి వెనుకనున్న స్నాయువు దెబ్బతినుట పెద్ద శాపము. ఇంగ్లండులో ఒక గుఱ్ఱమునకు దాని మజ్జకణములనే పెంచి గాయములో నెక్కించిన సంగతి 2003లో ప్రకటింపబడెను. 2012లో 113 పందెపు గుఱ్ఱముల లెక్క వెలువడెను. వానిలో నూటికి ఇరువదియేడు మరల గాయపడినవి. పూర్వపు లెక్కలకంటె ఇది తక్కువయే. అయినను, చీటివేసి సగము గుఱ్ఱములకు సూది వేసి, సగమునకు వేయక పోల్చిచూచిన పరీక్ష కాదది.

మార్పుచేసిన కణము లనగా నేమి? అనేకవిధములుగా మారగలుగుటయే మూలకణమునకు గుణమును, దోషమును. కుందేళ్ల మోకాటి స్నాయువులో ఇట్టి కణముల నుంచినప్పుడు కొన్నిటిలో ఎముక పెరిగెను. త్రాడు కావలసినచోట రాయి మొలచినట్లు! కావున కణమునకు ముందుగానే దారి చూపవలయునని తలంచిరి. స్క్లెరాక్సిస్ అను జన్యువు స్నాయువు రూపొందుటకు ముఖ్యమైనది. అది లేకుండ పుట్టించిన చుంచెలుకల స్నాయువులు చెడియుండుట 2007లో తెలిసినది. 2012లో ఆ జన్యువును మానవ మజ్జకణములలో చొప్పించి, వానిని స్నాయుకణములకు సమీపమైనవిగా మార్చిరి. అంతకు ముందే, 2006లో, మఱియొక విధముగా మార్పుచేసిన కణములతో ఎలుకల మడమ స్నాయువును బాగుచేయు ప్రయోగము వెలువడెను. ఇవి మెచ్చదగిన పనులు. కాని ఎలుక మడమకును లాడ్‌బజారు పనివాని వ్రేలికిని నడుమ నున్న దూరమును ప్రకటన వ్రాసినవారు ఒక్క వాక్యములో దాటిరి.

మూలకణముల పని అంతయు మోసమని నేననుట లేదు. మన నగరములోనే అట్లనుటకు వీలులేని నిదర్శనములున్నవి. డాక్టరు హబీబుల్లాయు వారి తోడివారును కాలేయము హఠాత్తుగా చెడిన ఏడుగురు రోగులకు కాలేయకణముల నెక్కించిన వృత్తాంతమును 1994లో ప్రకటించిరి. పాతబస్తీలోనే, కంచన్‌బాగులోని డెక్కను వైద్యకళాశాలకు చెందిన కాలేయ పరిశోధనకేంద్రము 2010లో 25 మంది రోగులకు మూలకణములతో చేసిన చికిత్సను వెల్లడించెను. ఆ కణములు జన్మింపని శిశువుల కాలేయమునుండి తీసినవి. అది న్యాయమా కాదా యను ప్రశ్న వేఱొక వ్యాసమునకు చాలినంత పెద్దది. ఇక బంజారాహిల్సులోని ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్యసంస్థవారి పని చూడుడు. సున్నము మొదలగునవి పడి కాలిన కన్నులకు, రోగి మంచి భాగమునుండి నల్లగ్రుడ్డు అంచునగల మూలకణములను కొంచెము తీసి, పెంచి, కాలిన కంటిపై నాటుదురు. 2011లో వారు 200 కన్నుల లెక్కను ప్రకటించిరి. సగటున మూడేండ్లు కనిపెట్టి చూడగా 142 నిలిచెను. అనగా 58 నిలువలేదు.

ఆ 58ని చూచియే నాకు వారిపై నమ్మకము కలిగెను. నా ఫోనునకు వచ్చిన ప్రకటనలో బాగుపడిన ముగ్గురి ఛాయాచిత్రము లుండెను. బాగుపడనివారు ఎందఱో ఒక్క మాటయు లేదు.

నా అభిప్రాయ మిది. పరీక్షలోనున్న చికిత్సకు రోగివద్ద వెల పుచ్చుకొనుట తప్పు. తన దేహమును పరీక్షకు ఒప్పగించు రోగి దాత. అతనిని కొనుగోలుదారునిగా చేయరాదు. కొందఱు మిత్రులు దీని నొప్పుకొనరు. పరిశోధనకు ధనము కావలయును గదా, ఇష్టపడి యిచ్చువానిని అడ్డగించుట యెందుకని వారి వాదము. ధనము కావలయుననుట నిజమే. అయితే వెల చెల్లినపిమ్మట లెక్క వ్రాయువా రెవరు? బాగుపడనివాడు అప్పుతోను సిగ్గుతోను ఇంట కూర్చుండును. అతనిని వెదకి కనుగొనుటవలన అమ్మినవానికి నష్టమే గాని లాభము లేదు. అట్లు పదివేల మందికి సూదులు వేసినను శాస్త్రమునకు ఒక్క అక్షరమైనను చేరదు. రోగికి ఆగు ఓపిక లేదందురా? నొప్పి పడుచున్నవానికి ఓర్పు బోధించుట కఠినమని నా మడమయే నాకు నేర్పినది. కాని అప్పు ఆ నొప్పిని తగ్గించునా?

భారత వైద్యపరిశోధన మండలి 2017లో వెలువరించిన నియమములలో, అనుమతి పొందిన పరీక్ష వెలుపల రోగులకు మూలకణముల నుపయోగించుట అనైతికమనియు, వైద్యవృత్తికి విరుద్ధమనియు స్పష్టముగా చెప్పబడియున్నది. రక్తరోగములకు చేయు మజ్జమార్పిడివంటి స్థిరపడిన చికిత్సలకు ఈ నిషేధము వర్తింపదు. నియమము ఇంత స్పష్టముగా నుండగా ప్రకటనలు ఇంటింటికి వచ్చుట చూడగా, దానిని రోగులకు తెలుగులోను ఉర్దూలోను తెలియజెప్పువారు చాలలేదని నాకు తోచుచున్నది. పాఠశాల ఆ పనిలో కొంత చేయవచ్చును. తొమ్మిదవ తరగతిలో కణమును గూర్చి చెప్పు దినముననే దీనినిగూర్చి చెప్పవచ్చును.

ఆ తండ్రితో నేను వేయించుకొననని చెప్పితిని. ప్రకటన ఇచ్చినవారికి ఇద్దఱమును కలిసి ఉత్తరము వ్రాసితిమి. ఇంతవరకు ఎందఱికి సూది వేసితిరి, ఎందఱికి గుణమీయలేదు, ఏ పరీక్షక్రింద అనుమతి పొందితిరి అని మూడు ప్రశ్నలు మాత్రమే అడిగితిమి. ఐదు నెలలు గడచినను బదులు లేదు. ఈ నడుమ ఆయన ఆస్పత్రిలో వ్యాయామము నేర్పువారి వద్దకు వారమునకు రెండుమారులు పోవుచున్నారు. మొన్న మాపు పాఠశాల ద్వారమువద్ద నన్ను నిలిపి చేయి చూపిరి. చూపుడువ్రేలు అరచేతికి ఇంకను ఒక గోరంత దూరమున నిలిచియున్నది. క్రిందటి పండుగకు రెండంగుళము లుండెనట.