ట్యూబు చేతిలో పెట్టి నీడ ఎగ్గొడతారా?



సోలాపూరులో మన సభ్యులు పనిచేసే ఒక రంగుల కార్ఖానాలో ఈ వేసవిలో జరిగిన సంగతి మీ ముందు పెడుతున్నాం. అక్కడ నూలు చిలపలు ఆరేసే బయలులో పద్దెనిమిది మంది ఆడవాళ్లు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా దండేల మధ్య తిరుగుతూ పని చేస్తారు. నెత్తిన నీడ లేదు. రేకుల పందిరి వేయించమని మేము ఇచ్చిన అర్జీకి సేటు పదిహేను రోజులు జవాబివ్వలేదు. పదహారో రోజున మేనేజరు ఒక అట్టపెట్టె తెప్పించి మనిషికో క్రీము ట్యూబు పంచాడు. “ఇది పూసుకోండి, ఎండ ఏమీ చెయ్యదు. ఇక పందిరి మాట ఎత్తకండి” అన్నాడు.

అదే కార్ఖానాలో ముదురు రంగు చిలపలను మాత్రం రేకుల కిందనే ఆరేయిస్తారు. ఎండలో పెడితే రంగు వెలుస్తుందట! నూలుకు దొరికిన నీడ ఆ నూలు మోసే మనిషికి దొరకలేదు. మా కోపమంతా ఇక్కడే.

ఆ ట్యూబును మేము తిప్పి చదివాం. ముందువైపు పెద్ద అక్షరాలతో తెల్లదనం గురించి గొప్పలు, వెనకవైపు చిన్న అక్షరాలతో “ఎస్.పి.ఎఫ్. 15”. అంటే ఇచ్చింది ఎండ క్రీము కాదు, మొహం తెల్లబరిచే క్రీము. ఈ రెంటికీ తేడా తెలియకపోతే ఎవడైనా మనల్ని మోసం చేస్తాడు. కనుక సన్‌స్క్రీన్ అంటే ఏమిటో ముందు తెలుసుకుందాం.

ఎండలో కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలుంటాయి. వాటిలో యు.వి.బి. చర్మాన్ని కమిలిస్తుంది. యు.వి.ఎ. ఇంకా లోపలికి దిగి మచ్చలు, ముడతలు తెస్తుంది. ఎస్.పి.ఎఫ్. అంకె ముఖ్యంగా మొదటిదాన్ని గురించే చెబుతుంది. 15 అయితే యు.వి.బి.లో సుమారు నూటికి 93 పాళ్లు, 30 అయితే 97, 50 అయితే 98 పాళ్లు ఆగుతాయి. 30 నుంచి 50కి పోయినందువల్ల రక్షణ రెట్టింపు కాదు, ధర మాత్రం పెరగవచ్చు. రెండోదానికి “పి.ఎ.” పక్కన ఉన్న కూడిక గుర్తులు చూడాలి. మూడు గానీ నాలుగు గానీ ఉంటే మంచిది. బయట పనిచేసేవాళ్లకు ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గినది వద్దు.

చర్మాన్ని బట్టి ఎంచుకోవాలి. జిడ్డు మొహానికి, మొటిమల మొహానికి జెల్ నయం. పొడి చర్మానికి క్రీము గానీ లోషన్ గానీ. రంగుల మందులతో చేతులు మండేవాళ్లు, దద్దుర్లు వచ్చేవాళ్లు సువాసన కలపని జింక్ ఆక్సైడ్ రకం తీసుకోవాలి. ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒకటి రెండు రోజులు చూడాలి. మంగు మచ్చలున్నవాళ్లకు ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ మేలు. ఎందుకంటే కంటికి కనపడే వెలుగు కూడా మంగును పెంచుతుంది. కొన్ని తెల్ల క్రీములు మన మొహాల మీద విభూతి పూసినట్టు కనిపిస్తాయి. అది టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్‌ల తెలుపు. టైటానియం డయాక్సైడ్ మనకు కొత్తేమీ కాదు, పాలియెస్టర్ నూలు మెరుపు చంపడానికి కలిపే తెల్ల పొడి అదే.

పూసే పద్ధతి కూడా ఉంది. మొహానికీ మెడకూ రెండు వేళ్ల పొడవు క్రీము కావాలి. ఎండలోకి పోవడానికి పావుగంట ముందు రాయాలి. రెండు గంటలకోసారి, చెమటకు కారిపోయినా, మొహం కడిగినా మళ్లీ రాయాలి. ఇప్పుడు లెక్క కట్టండి. మొహం, మెడ, ముంజేతులు కలిపి ఒకసారికి రెండు మూడు గ్రాములు. రోజుకు మూడుసార్లు. 50 గ్రాముల ట్యూబు ఎనిమిది రోజులు నిలిస్తే గొప్ప! సేటు ఇచ్చింది వేసవికంతటికీ ఒక్కటి. పల్చగా రాసి సరిపెట్టుకుంటే డబ్బా మీది అంకెకు విలువ లేదు.

ఇక అసలు మోసం వినండి. సన్‌స్క్రీన్ కిరణాలను ఆపుతుంది, వేడిని ఆపదు. ఎంత ఖరీదైన క్రీము రాసినా వడదెబ్బ తగులుతుంది. వడదెబ్బకు కావలసింది నీడ, నీళ్లు, విరామం. ఈ మూడూ యాజమాన్యం చేతిలో ఉన్నవి. క్రీము కార్మికురాలి మొహం మీద ఉండేది. బాధ్యతను తన నెత్తి నుంచి దించి మన మొహాలకు పూశారు!

“నల్ల చర్మానికి ఎండ అంటదు” అని కొందరు వాదిస్తారు. ఇది సగం నిజం. చర్మంలోని నలుపు కొంత కాపు కాస్తుంది, అందుకే తెల్లజాతులవాళ్లకు వచ్చినంతగా మనకు చర్మ కేన్సరు రాదు. కానీ కమిలిపోవడం, మంగు, ఎండ పడక వచ్చే దురదలు మనకూ వస్తాయి. వడదెబ్బకు రంగు తేడా అసలే లేదు.

అందరికంటే పెద్ద సన్‌స్క్రీన్ ఏదో నేతగాళ్లకు వేరే చెప్పాలా? గుడ్డ! పడుగూ పేకా దగ్గరగా పడిన ముదురు రంగు గుడ్డ కిరణాలను బాగా ఆపుతుంది. పల్చటి తెల్ల నూలుగుడ్డ, అందులోనూ తడిసినది, అంతగా ఆపదు. నిండు చేతుల వదులు చొక్కా, మెడ దాకా నీడపడే అంచు టోపీ ఇస్తే క్రీము అవసరం సగం తగ్గుతుంది. ఊరి నిండా గుడ్డ నేసేది మనం, మన నెత్తికే గుడ్డ కరువు!

లోపల సాంచాల మీద పనిచేసేవాళ్లకు, రాత్రి షిఫ్టువాళ్లకు ఒక మాట. షెడ్డులో ఎండే పడనప్పుడు మీకు క్రీము ఎందుకు? ఆ డబ్బు పిల్లల పాలకు పెట్టండి.

మన తప్పు కూడా ఒప్పుకోవాలి. పిల్ల నల్లగా ఉందని సంబంధం తిరగ్గొట్టేది మన ఇళ్లలోనే. ఆ భయాన్నే కంపెనీలు అమ్ముకుంటున్నాయి. 1975లో వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 2020లో పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసింది. పేరు మారింది గానీ మన బుద్ధి మారిందా? తెల్లబడతామని మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో స్టెరాయిడ్లుంటాయి. బీటామెథసోన్, క్లోబెటసోల్, మోమెటసోన్ అనే పేర్లు కనబడితే డాక్టరు రాయనిదే ముట్టకండి. వాటితో చర్మం పల్చబడుతుంది, ఎర్రబడుతుంది, ఎండ అసలు తట్టుకోలేదు. 2018లో ప్రభుత్వం ఇలాంటి పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదన్న జాబితాలో పెట్టింది. మంగు ఉన్న అక్కచెల్లెళ్లు ఈఎస్ఐ కార్డు ఉంటే చర్మ డాక్టరుకు చూపించుకోండి.

వేసవిలో 250 మందికి మించి పనిచేసే చోట చల్లటి మంచినీళ్లు ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 18వ సెక్షన్‌లోనే రాశారు. చట్టాలు మారాయి, కోడ్‌లు వచ్చాయి. దాహం మారదు. పద్దెనిమిది మందే ఉన్నచోట కూడా గొంతు ఎండుతుంది.

మా డిమాండ్లు ఇవి. ఆరేసే బయలు మీద వెంటనే పందిరి వేయాలి. ఎండ ముదిరే పదకొండు నుంచి మూడు దాకా బయటి పని ఆపాలి, ఆ గంటల కూలి కోయరాదు. దండేల దగ్గర చల్లటి నీళ్లు పెట్టాలి. నిండు చేతుల చొక్కాలు, టోపీలు ఇవ్వాలి. ఇవన్నీ ఇచ్చాక, అవసరమైనవాళ్లకు సరైన సన్‌స్క్రీన్ కూడా ఇవ్వాలి. పందిరికి బదులుగా కాదు, పందిరితో పాటు.

ఆ పద్దెనిమిది మందీ ట్యూబులన్నీ అదే అట్టపెట్టెలో వేసి ఆఫీసు బల్ల మీద పెట్టి వచ్చారు. వచ్చే సోమవారం గేటు మీటింగుకు అన్ని ఖాతాలవాళ్లూ రావాలి. లోపల నీడలో పనిచేసేవాళ్లు ముందుగా రావాలి!

నూలుకిచ్చిన నీడ మనిషికీ ఇవ్వాలి!
కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

— కార్యదర్శి