గృహిణీ గోష్ఠి: పడవ యెక్కకముందు



మనది చెఱువుల సీమ. కాకతీయుల కాలమునుండి వాననీటిని కట్టలు కట్టి నిలిపి వరి పండించుకొనుచున్న నేల. అయినను జనగామలోగాని మానుకోటలోగాని పుట్టి పెరిగిన ఆడువారిలో పడవ యెక్కినవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. నీటిని మనము బిందెలతో మోసితిమి. బతుకమ్మను సాగనంపుటకు మోకాలిలోతు దిగితిమి. కాని నీటి నడుమ నిలిచి యొడ్డును చూచినవారము కాము.

రాబోవు సంక్రాంతి సెలవులలో మా యింటిల్లిపాదియు తొలిసారిగా ఒక పడవను మాటాడుకొని, రెండు దినములు చెఱువులోని ద్వీపములలో గడుపవలెనని తలపెట్టితిమి. మానుకోట, భూపాలపల్లి ప్రాంతముల సోదరీమణులు కొందఱు ఇట్టి ప్రయాణమును గూర్చియే మమ్ము అడిగియున్నారు. కావున మేము విచారించి తెలిసికొన్న సంగతులను ఈ నెల మీ ముందుంచుచున్నాము.

సాధారణముగా ఇట్టి విహారములకు పడవను మగవారు కుదుర్చుదురు, పులిహోరను మనము కలుపుదుము. పడవ యెట్టిదో, నడుపువాడెవ్వడో, ఎందఱెక్కుదురో మనకు రేవునకు పోయినగాని తెలియదు. అప్పటికి సొమ్ము చెల్లింపబడియుండును, పిల్లలు తొందరపడుచుందురు. ఈ పద్ధతి మాఱవలెనని మా యభిప్రాయము. కుండ కొనునపుడు వ్రేలితో కొట్టి చప్పుడు వినక కొనని మనము, కన్నబిడ్డలను ఎక్కించు పడవను గూర్చి ఒక్క ప్రశ్నయైన అడుగకుండుట యేమి న్యాయము?

దూరదేశములలో ఇట్టి విహారములను ఎట్లు యోచింతురో మొదట చూతము. స్కాట్లండు పడమటి తీరమున హెబ్రిడీసు అను ద్వీపసమూహమున్నది. అచ్చటి సముద్రము మిక్కిలి కఠినమైనది. ఆ ద్వీపములకును పడమటగా, నడిసముద్రమున నున్న సెయింట్ కిల్డాలో మిగిలిన ముప్పదియాఱుగురు నివాసులు, ఇక బ్రతుకు సాగదని తామే కోరి, 1930 ఆగస్టులో ఆ దీవిని విడిచి వచ్చిరి. అట్టి నీళ్లలో నేడు కుటుంబములు వారము దినములకు తెఱచాప పడవలను అద్దెకు తీసికొని దీవినుండి దీవికి తిరుగుచున్నవి. పడవ నడుప నేర్చినవారు తామే నడుపుకొందురు. నేర్వనివారు పడవతోపాటు నావికునిగూడ కుదుర్చుకొందురు. ఏ రాత్రి ఏ రేవున లంగరు వేయవలెనో ముందే వ్రాసికొందురు. గాలి తిరిగినచో తలదాచుకొనుటకు మఱియొక రేవునుగూడ దాని ప్రక్కనే వ్రాసికొందురు. ఉదయము వాతావరణ వార్త విన్నపిమ్మటనే లంగరెత్తుదురు. పోలేనినాడు ఏమి చేయవలెనో వారి యోచనలో ముందే చేరియుండును. మన ప్రయాణమునకును ఇదియే మూలసూత్రము కావలెను.

మనకు సముద్రము లేదు, లక్నవరము కలదు. అది ములుగు జిల్లా గోవిందరావుపేట మండలమున, అడవికొండల నడుమ, కాకతీయుల నాడు కట్టిన చెఱువు. 2019 ఫిబ్రవరిలో ములుగు వేఱు జిల్లా యగువఱకు అది భూపాలపల్లి జిల్లాలోనిదే. నీటి నడుమ పదమూడు దీవులున్నవని చెప్పుదురు. ఒడ్డునుండి దీవికి వ్రేలాడు వంతెన యున్నది. దీవులపై బసకు గదులున్నవి; రాష్ట్ర పర్యాటక శాఖవారి పడవలును తిరుగుచుండును. జనగామవారు హనుమకొండ, ములుగుల మీదుగాను, మానుకోటవారు గూడూరు, నర్సంపేట, మల్లంపల్లి, ములుగుల మీదుగాను పోవచ్చును. భూపాలపల్లివారికి గణపురము, రామప్ప మీదుగా దారి యున్నది.

కాలనిర్ణయము ముఖ్యము. వానకాలమున చెఱువు నిండుగ నుండును గాని గాలివానల భయము కలదు. ఎండకాలమున ఆ నీరు పొలములకు పోయి చెఱువు తగ్గిపోవును. కార్తికమునుండి పుష్యమువఱకు వానలు వెనుదిరిగియుండును, నీరును ఉండును. మావారు బడిపంతులు గనుక మేము సంక్రాంతి సెలవులను ఎన్నుకొంటిమి. మఱియొక మాట: మేడారము జాతర రెండేండ్లకొకసారి మాఘ పౌర్ణమి ప్రాంతమున జరుగును. జాతర జరుగు ఏట, ముందు వారములనుండియే ములుగు బాట భక్తులతో నిండియుండును. ఆ యేట తేదీలను చూచుకొని బయలుదేరుట మేలు.

ఇక పడవ సంగతి. కడపటి సంవత్సరములలో మన ప్రాంతమును కలచివేసిన దుర్ఘటన యొకటి కలదు; దానిని తలపక ఈ విషయము వ్రాయరాదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన, గోదావరి వరదమీదనున్నపుడు, పాపికొండలు చూడబోయిన పడవ యొకటి దేవీపట్నము మండలమున కచ్చులూరు వద్ద మునిగినది. ఓరుగల్లు చెంతనున్న కడిపికొండనుండి పోయినవారును అందులో నుండిరి. ఒడ్డునున్న గిరిజన గ్రామములవారు తమ చిన్న పడవలతో వచ్చి ఇరువదియాఱుగురిని రక్షించిరి. సుమారు ఏబదిమంది ప్రాణములు పోయినవి. ఆ పడవను నది గర్భమునుండి వెలికి తీయునప్పటికి అక్టోబరు 22వ తేదీ యయ్యెను. వారును మనవలెనే పిల్లలతో, ఫలహారములతో, సంతోషముతో బయలుదేరినవారే. చెఱువు నదివంటిది కాదందుము, నిజమే. చెఱువున ఉరవడి లేదు, ఒడ్డు కనబడుచుండును. కాని ఈత రానివారికి లోతైన చెఱువునకును లోతైన నదికిని భేదము లేదు.

కావున సొమ్ము చెల్లింపకముందే అడుగదగిన ప్రశ్నలు అయిదు.

మొదటిది, పడవకు అనుమతి కలదా? యంత్రముతో నడచు పడవలను గూర్చి 1917 నాటి పాత చట్టమునకు మాఱుగా 2021లో దేశమంతటికిని క్రొత్త చట్టము వచ్చినది. దాని ప్రకారము పడవకు నమోదును, తనిఖీ పత్రమును ఉండవలెను. ఆ కాగితమును చూపుమని యడుగుట తప్పు కాదు.

రెండవది, ఎందఱికి అనుమతి? ఎందఱు పట్టుదురని అడిగిన, ‘సర్దుకొనిన ఇంకను పదిమంది పట్టుదురు’ అందురు. అనుమతి యెందఱికని యడిగి, మనకంటె ముందెక్కినవారిని లెక్కింపవలెను. నాలుగు కుటుంబములు కలిసి పడవను పూర్తిగా మాటాడుకొన్నచో వ్యయము కొంత హెచ్చైనను, లెక్క మన చేతిలో నుండును.

మూడవది, తేలుడుకోటులు, అనగా లైఫ్ జాకెట్లు, అందఱికిని గలవా? పిల్లల కొలతవి ఉన్నవా? పెద్దల కోటును పసివానికి తొడిగిన అది రక్షణ కాదు. తొడిగి పట్టీలు బిగించిన పిమ్మట కోటు భుజములను పట్టుకొని పైకెత్తి చూడవలెను. అది చెవులదాక జాఱివచ్చినచో నీటిలోను అట్లే జాఱిపోవును.

నాలుగవది, నడుపువాడెవ్వడు? ఎన్ని ఏండ్లుగా ఆ నీటిమీద తిరుగుచున్నాడు? రామాయణమున గుహుడు సీతారాములను గంగ దాటించుటకు దృఢమైన నావను, నేర్పరియైన కర్ణధారుని ఏఱి తెప్పించెను. అవతార పురుషునకే అవసరమైన జాగ్రత్త మనకు అనవసరమగునా?

అయిదవది, గాలి లేచినచో, పొగమంచు కమ్మినచో సొమ్ము తిరిగి యిత్తురా, మఱియొక దినము తీసికొనిపోదురా? ఈ ప్రశ్నకు వచ్చు సమాధానమునుబట్టి నడుపువారి మనస్సు తెలియును. ‘ఏమియు కాదమ్మా, ఎక్కుడు’ అనువానికంటె, ‘ఈ పూట ఆగుడమ్మా’ అనువాడు నమ్మదగినవాడు.

ఈ ప్రశ్నలను అడుగుటకు మనకు అడ్డువచ్చునది తెలియమి కాదు, మొగమాటము. ‘పదిమందిలో ఆడుది మాటాడినది’ అందురేమో, ‘పిఱికిది’ అందురేమో, ఖర్చుపెట్టి తెచ్చిన ఇంటాయన మనసు చిన్నబుచ్చుకొనునేమో అని మిన్నకుందుము. ఇందులకు మేము కనుగొన్న యుపాయమొకటి కలదు. ప్రయాణము నిశ్చయమైన నాడే, రేవున కాదు, ఇంటిలో అన్నముల వేళ, ఈ అయిదు ప్రశ్నలను కాగితముపై వ్రాసి మావారి చేతికిచ్చితిమి. ‘ఇందులో నాలుగు నాకు తోపలేదు సుమా’ అని వారు నవ్వి, ఆ సాయంకాలమే ఫోనులో విచారించిరి. ఇంటిలో ముందే కుదిరిన మాట రేవున తగవు కానేరదు. మా యింటి నియమము గూడ ఆనాడే యేర్పడినది: ఇంటిలో ఏ యొక్కరు ‘వలదు’ అన్నను, కారణమడుగక అందఱమును నిలిచిపోవలెను. మా అత్తగారికిని, తొమ్మిదేండ్ల మా అమ్మాయికిని ఈ హక్కు సమానమే.

దుస్తుల విషయము. చీర తడిసిన బరువెక్కి కాళ్లకు చుట్టుకొనును. మన అమ్మమ్మల గోచికట్టు పడవకు నేటి కుచ్చెళ్లకట్టుకంటె మేలు. పడుచులకు సల్వారు కమీజు తగును. పైట నడుమున దోపి, దానిమీద తేలుడుకోటు తొడిగికొనవలెను. ఉక్కపోసినను, ఫలహారము చేయునపుడైనను, ఛాయాచిత్రము కొఱకైనను దానిని విప్పరాదు. ఒడ్డున కాలు మోపిన పిమ్మటనే విప్పవలెను. చంకబిడ్డల తల్లి ముందు తాను తొడిగికొనవలెను, తాను తేలిననే గదా బిడ్డను పట్టుకొనగలుగునది! పిల్లకు సరిపోవు కోటు దొరకనిచో ఆ పిల్లయు తల్లియు ఒడ్డుననే యుండుట ఉత్తమము. వ్రేలాడు వంతెనమీద నడచి దీవికి చేరుటయు వారికి చిన్న వేడుక కాదు.

భోజన పదార్థములు తేలికగా, పొడిగా నుండవలెను. సంక్రాంతి సకినాలు, నువ్వుల ఉండలు ఇంట ఎటులైనను సిద్ధముగ నుండును. మొదటి పూటకు పులిహోర చాలును. త్రాగునీరు ఇంటినుండియే తీసికొనిపోవలెను. పెద్దవారి నిత్యౌషధములను, ఫోనులను నీరు చొరని సంచిలో బిగించి పెట్టవలెను. విస్తరులు, ప్లాస్టికు సంచులు చెఱువులో విసరుట పాపము. ఆ నీరే దిగువ పొలములకు పోవుచున్నది. పడవను ఉదయపు వేళకే మాటాడుకొని, దీపములు పెట్టువేళకు చాల ముందుగనే గట్టునకు చేరవలెను.

ఇక పోలేనినాటి యోచన. మేము వేసికొన్న లెక్కలో పడవ సొమ్మును ముందుగనే ‘పోయినది’ అని వ్రాసికొంటిమి. చెల్లించితిమి గదా యను చింతయే మనుష్యులను గాలిలో పడవ యెక్కించును. నీరు వలదన్న నాడు పాలంపేటలోని రామప్ప గుడికి పోవుదుము. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేసిన ఆ యాలయమును 2021 జూలైలో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించిరి. శిఖరమునకు వాడిన యిటుకలు నీటిమీద తేలునంత తేలికైనవి. పడవ తప్పిన పిల్లలకు తేలెడి యిటుకల కథ చెప్పి ఊఱడింపవచ్చును!

చెఱువుమీద ధైర్యము చిక్కిన పిమ్మట, మఱుసటి యేట గోదావరిమీద పాపికొండలకు పోవచ్చును. భద్రాచలమువైపునుండి పోవువారు పోచవరము రేవున లాంచీ యెక్కి పేరంటపల్లి మీదుగా కొండల నడుమకు పోవుదురు. అది నది, దాని నియమములు వేఱు. భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులైన మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది యిత్తురు. 2022 జూలైలో అది 71 అడుగులు దాటినది. వానకాలమున ఆ దారి తలపెట్టరాదు. శీతకాలముననైనను బయలుదేరునాటి ఉదయము నీటిమట్టమును విచారింపక యిల్లు కదలరాదు.

నీటిని చూచి భయపడి ఇంటనే కూర్చుండుడని మేము చెప్పుట లేదు. మగపిల్లలు స్నేహితులతో పోయి చూచివచ్చిన ద్వీపములను, నలువదేండ్లు అత్తవారింట చాకిరి చేసిన స్త్రీ ఒక్కమాఱైన చూడవలదా? చూడవలెను, చూచి క్షేమముగ తిరిగి రావలెను. కావున ఈ యేడు మూటలు కట్టుటకు ముందు, ఆ అయిదు ప్రశ్నలను మీ చేతివ్రాతతోనే వ్రాయుడు. రేవున నిలిచి, గాలిని చూచి, ‘నేడు వలదు, రేపు పోవుదము’ అని నిబ్బరముగ ననగల ఇల్లాలు ఆ పడవకు రెండవ కర్ణధారి.