రంగు తూటాల యుద్ధంలో ఊరెక్కడ?

"ఆటలమీద కూడా స్త్రీవాదమేనా?" అన్నాడు సినిమా పాఠాలు చెప్పే మిత్రుడొకాయన, 'సోల్జర్స్ ఆఫ్ పెయింట్' (2012) డాక్యుమెంటరీ గురించి రాస్తున్నానంటే. ఆటమీద కాదు, ఆటమీద పెట్టిన కెమెరామీద అన్నాను. నవ్వేశాడు.

అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రంలో వయాండాట్ అనే చిన్న ఊరుంది. 1944 జూన్ 6న మిత్రరాజ్యాల సైన్యాలు ఫ్రాన్స్‌లో నార్మండీ తీరాన దిగిన రోజుని అక్కడ పెయింట్‌బాల్ ఆటగా ఆడుతూ వచ్చారు. నార్మండీలో పోరాడిన తాత జ్ఞాపకంగా ఒక మనవడు 1997లో మొదలుపెట్టాడు. పోనుపోను వేలమంది చేరారు. సగంమంది మిత్రపక్షం, సగంమంది జర్మన్లు. రంగు నింపిన జెలటిన్ గుళిక తగిలి పగిలితే అవుట్. కాసేపాగి చచ్చినవాళ్ళు మళ్ళీ యుద్ధంలోకి రావచ్చు. జర్మన్లు గెలవనూవచ్చు.

నిజం చెప్పొద్దూ, సినిమా చూస్తూ ఎవరు గెలుస్తారా అని నేనూ కళ్ళప్పగించి కూర్చున్నాను. నా పేచీ సరిగ్గా అక్కడే. స్వతంత్ర డాక్యుమెంటరీ అంటే పెట్టుబడిదారుడి చెప్పుచేతల్లో లేనిదని మురిసిపోతాం. కానీ ఆట ఒక కథని తయారుగా చేతిలో పెడుతుంది: సన్నాహం, పోరు, ఫలితం. కెమెరా దానికి లొంగిపోతే ఎవరి డబ్బుతో తీస్తేనేం? పెయింట్‌బాల్‌లో ప్రతి మనిషీ ఏదో ఒక పక్షం. ఏ పక్షమూ కానివాళ్ళకి అందులో చోటు లేదు. నార్మండీలో ఉన్నదే వాళ్ళు. ఆ వేసవి పోరులో సుమారు 20 వేలమంది మామూలు జనం చనిపోయారు. వాళ్ళలో చాలామంది తమని విముక్తి చేయడానికొచ్చిన విమానాలు వేసిన బాంబుల కిందే పోయారు. ఇక విముక్తి తర్వాత? జర్మన్లతో తిరిగారన్న నెపంమీద ఫ్రాన్స్‌లో దాదాపు 20 వేలమంది ఆడవాళ్ళకి గుండు కొట్టించారు. 1944 ఆగస్టులో షార్త్ర్ వీధిలో, చంకలో పసిబిడ్డతో, బోడిగుండుతో నడుస్తున్న స్త్రీని రాబర్ట్ కాపా ఫోటో తీశాడు. చుట్టూ నవ్వే ముఖాలు. ఈ డి-డేకి ఏ రంగు గుళిక వాడాలి?

ఆడవాళ్ళు కూడా ఆ ఆట ఆడొచ్చు కదా అంటారు. ఆడొచ్చు. నేనడిగేది తుపాకీలో వాటా కాదు. మార్తా గెల్‌హార్న్‌కి తీరానికి వెళ్ళే అనుమతి లేకపోతే ఆసుపత్రి ఓడ స్నానాలగదిలో దాక్కుని వెళ్ళింది. స్ట్రెచర్లు మోసేవాళ్ళతో కలిసి తీరంలో దిగి, గాయపడ్డవాళ్ళని చూసి రాసింది. చూపు ఎటు తిప్పాలో ఆమెకి తెలుసు.

(పెయింట్‌బాల్ తొలి ఆట 1981లో న్యూ హాంప్‌షైర్ అడవిలో జరిగింది. పన్నెండుగురూ మగవాళ్ళే, చెట్లకీ పశువులకీ గుర్తులేసే రంగు తుపాకులతో. గెలిచినాయన ఒక్క గుండూ పేల్చలేదట! ఆట అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.)

అసలు వయాండాట్ అన్నది ఒక జాతి పేరు. 1843లో ఒహాయో నుంచి వెళ్ళగొడితే కాన్సాస్ మీదుగా ఇక్కడికొచ్చి పడ్డవాళ్ళు. అలాంటి నేలమీద పరాయి దేశపు విముక్తిని ఏటా ఆడారు!

తాత నుంచి మనవడికి సంక్రమించే జ్ఞాపకాన్నే చరిత్ర అనడం మనకీ అలవాటే. అందుకే స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 'మనకు తెలియని మన చరిత్ర' (1986) కోసం తెలంగాణ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. ఎన్ని గుళ్ళు పేల్చారన్న లెక్కతో ఆగలేదు. అడవిలో వదులుకున్న పసిబిడ్డ సంగతీ, పోరాటం ముగిశాక ఇక ఇళ్ళకి పొమ్మన్న సంగతీ అలా బయటికొచ్చాయి. వాళ్ళ దగ్గర ఉన్నది ఓపికా, ఒక టేప్‌రికార్డరూ.

డి-డే మీద ఇంకో సినిమా తీసేవాళ్ళుంటే నాదొక్క మనవి. తాత గురించి మనవణ్ణి అడిగాక, కెమెరా ఆపకుండా ఇదీ అడగండి: ఆయన యుద్ధం నుంచి తిరిగొచ్చాక రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తే పక్కన మేలుకుని కూర్చున్నదెవరు? ఆమె పేరేమిటి?